పాఠం చెప్పేవారికి పాఠం ఎవరు చెబుతారు?

బ్రెజిల్‌లో ప్రతి బడిలోనూ ఆఫ్రికా చరిత్రనూ, ఆఫ్రికన్ సంతతివారి చరిత్ర, సంస్కృతులనూ తప్పనిసరిగా బోధించాలని 2003లోనే చట్టం వచ్చిందని గత సంచికలో ఒక చిన్న వ్యాఖ్య రాశాం. దానిమీద పాఠకుల నుంచి, ముఖ్యంగా ఉపాధ్యాయుల నుంచి, చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. కొత్త పాఠ్యపుస్తకం వచ్చిన ప్రతిసారీ మాకు రెండు రోజుల శిక్షణ పెడతారు. అందులో ఒక పూట హాజరు పట్టికకే సరిపోతుంది. బ్రెజిల్‌లో చట్టమైతే చేశారు, కానీ తాము ఎన్నడూ చదువుకోని చరిత్రను అక్కడి ఉపాధ్యాయులు ఎలా చెప్పగలుగుతున్నారు? వారికి ఎవరు నేర్పారు?
— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నే ఆ చట్టం చరిత్ర మొత్తానికీ కీలకం. 2003 జనవరి 9న అధ్యక్షుడు లూలా సంతకం చేసిన 10,639వ నంబరు చట్టం, 1996 నాటి జాతీయ విద్యా చట్టాన్ని సవరించి, ప్రాథమిక, మాధ్యమిక స్థాయుల్లోని ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నింటిలోనూ ఆఫ్రికా, ఆఫ్రికన్ల చరిత్రనూ, బ్రెజిల్‌లో నల్లజాతివారి పోరాటాలనూ, సంస్కృతినీ, దేశ నిర్మాణంలో వారి పాత్రనూ బోధించి తీరాలని నిర్దేశించింది. ఇది విడి సబ్జెక్టు కాదు. అన్ని సబ్జెక్టుల్లోనూ, ముఖ్యంగా కళలు, సాహిత్యం, బ్రెజిల్ చరిత్ర పాఠాల్లో కలిసిపోవాలన్నది దాని ఉద్దేశం.

అయితే ఎస్తెర్ గ్రోసీ, బెన్‌హుర్ ఫెర్రేరా అనే ఇద్దరు ప్రతినిధులు 1999లో ప్రవేశపెట్టిన బిల్లులో మరో నిబంధన కూడా ఉండేది. ఉపాధ్యాయుల శిక్షణ కోర్సుల్లో నల్లజాతి ఉద్యమ సంస్థలకూ, విశ్వవిద్యాలయాలకూ, సంబంధిత పరిశోధన సంస్థలకూ భాగస్వామ్యం ఉండాలని అది చెప్పింది. సంతకం చేసేటప్పుడు అధ్యక్షుడు ఆ నిబంధనను తొలగించారు. విద్యా చట్టంలో ఎక్కడా శిక్షణ కోర్సుల ప్రస్తావనే లేదు కనుక ఇది దాని స్వరూపానికి పొసగదని అందుకు కారణం చూపారు. న్యాయశాస్త్రం దృష్టిలో ఆ వాదన సబబే కావచ్చు గాని, దాని ఫలితం బడిలోనే కనబడింది: ఏమి చెప్పాలో చట్టంలో మిగిలింది, చెప్పేవారిని ఎవరు సిద్ధం చేయాలో అందులోంచి జారిపోయింది.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నం మరుసటి ఏడాదే మొదలైంది. నల్లజాతి ఉద్యమం సూచించగా జాతీయ విద్యా మండలిలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి మహిళ, ఆచార్య పెట్రోనీల్యా బెయాత్రీస్ గొన్సాల్వెస్ ఎ సిల్వా రూపొందించిన నివేదిక ఆధారంగా, 2004 జూన్ 17న మండలి మార్గదర్శకాలను జారీ చేసింది. ఈ మార్గదర్శకాలు అన్ని విద్యాసంస్థలకూ వర్తిస్తాయంటూనే, ‘ముఖ్యంగా’ ఉపాధ్యాయులకు తొలి శిక్షణ, వృత్యంతర శిక్షణ ఇచ్చే సంస్థలకు వర్తిస్తాయని మొదటి నిబంధనలోనే రాశారు. వీటి అమలును ఉన్నత విద్యాసంస్థల మదింపులో లెక్కలోకి తీసుకుంటామని కూడా చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, బి.ఎడ్. కళాశాల గుర్తింపు కోసం వచ్చే తనిఖీ బృందం ఈ సంగతీ అడుగుతుందన్నమాట. ఆ తరువాత విశ్వవిద్యాలయాల్లోని ఆఫ్రో-బ్రెజిలియన్ అధ్యయన కేంద్రాలు, విద్యామంత్రిత్వ శాఖ ‘యూనియాఫ్రో’ కార్యక్రమం కింద, పనిచేస్తున్న ఉపాధ్యాయులకు కోర్సులు నడిపాయి. అక్కడ వృత్యంతర కోర్సు అంటే కనీసం 180 గంటలు, స్పెషలైజేషన్ అయితే 360 గంటలు. మీ రెండు రోజులతో పోల్చి చూసుకోండి.

ఆ గంటల్లో ఏమి చెబుతారన్నది అసలు విషయం. తాను చిన్నప్పుడు చదువుకున్న పుస్తకంలో ఆఫ్రికా మనిషి సంకెళ్లతో ఓడ దిగినప్పుడే చరిత్రలోకి వచ్చాడు కాబట్టి, ఉపాధ్యాయుడి మనసులో ఆ మనిషికి వెనుక ఊరు లేదు, రాజ్యం లేదు, చదువు లేదు. ముందుగా సరిదిద్దవలసింది దీన్నే. ఇందుకు కాంగో రాజు మొదటి అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు రాసిన ఉత్తరాలకు మించిన సాధనం నాకు కనబడదు. తన ప్రజలను, చివరకు కులీనుల బిడ్డలను సైతం, వ్యాపారులు ఎత్తుకుపోతున్నారని ఆ రాజు ఫిర్యాదు చేసింది పోర్చుగీసు భాషలోనే. అంటే బ్రెజిల్ ఉపాధ్యాయుడు అనువాదం అవసరం లేకుండా, తన సొంత భాషలో, ఒక ఆఫ్రికా రాజు గొంతు వినగలడు. అలాగే 1835 జనవరిలో బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో తిరుగుబాటు చేసిన ముస్లిం ఆఫ్రికన్ల దగ్గర పోలీసులకు అరబ్బీలో రాసిన కాగితాలు దొరికాయి. వాటిని చూసిన ఏ ఉపాధ్యాయుడికైనా, బానిసలంటే నిరక్షరాస్యులనే ఊహ చెదిరిపోవలసిందే.

రెండోది తరగతి గదికి సంబంధించినది. బ్రెజిల్ బడుల్లో లేత గులాబీ రంగు పెన్సిల్‌ను ‘చర్మం రంగు పెన్సిల్’ అని పిలవడం ఎంతో కాలంగా ఉన్న అలవాటు. నల్లటి పిల్ల తన బొమ్మ తానే గీసుకుంటూ పక్క బెంచీ మీది పిల్లవాణ్ణి “చర్మం రంగు ఇవ్వవా” అని అడుగుతుంది. వాడు గులాబీ రంగు ఇస్తాడు. ఆ పిల్ల దానితోనే తన ముఖం నింపుకుంటుంది. పంతులమ్మ దాన్ని చూస్తూ ముందుకు నడిచిపోతుంది, ఎందుకంటే ఆమె చిన్నప్పుడూ ఆ పెన్సిల్ పేరు అదే. శిక్షణలో ఈ ఒక్క సంగతి మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. పోర్తో అలెగ్రీలోని ఫెడరల్ విశ్వవిద్యాలయంలో జరిగిన యూనియాఫ్రో కోర్సు ప్రేరణతో, 12 చర్మఛాయలున్న రంగుల పెట్టె ఒకటి తయారై బడులకు చేరింది కూడా. రింగుల జుట్టును ‘చెడ్డ జుట్టు’ అనే మాట పిల్లల నోట వచ్చినప్పుడు ఏమి చేయాలి, పాఠం ఆపాలా, ఆపి ఏమనాలి అన్నవి కూడా శిక్షణాంశాలే. తేదీలు, రాజ్యాల పేర్లు పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. ఇవి తోటి ఉపాధ్యాయులతో కూర్చుని, మాట్లాడి, మనం చేసిన పొరపాట్లు మనమే ఒప్పుకుంటేనే వస్తాయి.

ప్రశ్న: చరిత్ర, సాహిత్యం సరే. ‘అన్ని సబ్జెక్టుల్లోనూ’ అన్నారు కదా, లెక్కల పంతులుకు ఇందులో చేయడానికి ఏముంది? ఇది మాటవరసకు రాసింది కాదా?
— విశ్రాంత గణిత ఉపాధ్యాయులు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ సబ్జెక్టులోనే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఉంది. దాన్ని అందుకోవడానికి తెలుగువారికి ఉన్నంత సులువు బహుశా ఇంకెవరికీ ఉండదు.

తూర్పు అంగోలాలో చొక్వే అనే జాతివారు ఉన్నారు. వారి పెద్దలు కథ చెప్పేటప్పుడు నేలమీది ఇసుకను చేత్తో చదును చేసి, వేలి కొనలతో సమదూరంలో చుక్కలు వరసలుగా పెడతారు. తరువాత కథ చెబుతూనే, వేలు ఎత్తకుండా, ఆ చుక్కల చుట్టూ ఒకే గీతను మెలికలు తిప్పుతూ తీసుకువెళ్తారు. కథ ముగిసే సరికి గీత మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. వీటిని సోనా అంటారు. మన ఇళ్ల ముందు వేసే మెలికల ముగ్గుకూ దీనికీ ఉన్న పోలిక మీకు చెప్పనక్కరలేదు. తేడా ఏమిటంటే మన దగ్గర ఆడవారు వేస్తారు, అక్కడ ఈ విద్య మగవారి చేతుల్లో ఉంది. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వీటిలోని గణితాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు, తమిళుల కోలంతోనూ పోల్చారు.

ఇప్పుడు మీ లెక్క. చాప అల్లికలాంటి ఒక రకం సోనాలో గీత ఏటవాలుగా సాగి, అంచు తగిలిన చోట అద్దంలో కిరణంలా వెనక్కి తిరుగుతుంది. నాలుగు వరసల్లో ఆరేసి చుక్కలు పెట్టి గీయడం మొదలుపెడితే, గీత బయలుదేరిన చోటికి వచ్చేసరికి ఇంకా కొన్ని చుక్కల మధ్య దారి ఖాళీగా మిగులుతుంది. రెండో గీత వేయక తప్పదు. అదే ఐదు వరసల్లో ఆరేసి చుక్కలైతే ఒక్క గీతతోనే అన్నీ చుట్టివస్తాయి. పిల్లలు మూడు-మూడు, మూడు-ఆరు, నాలుగు-ఏడు అంటూ గీసుకుంటూ పోతే కొంతసేపటికి వాళ్లే పట్టుకుంటారు: ఎన్ని గీతలు కావాలన్నది ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం. నాలుగుకూ ఆరుకూ గసాభా రెండు, ఐదుకూ ఆరుకూ ఒకటి. ఆరో తరగతి పిల్లవాడికి గసాభాను భాగహారంతో చెప్పడం ఒక పద్ధతి, వేలితో ఇసుకలో గీయించి చెప్పడం మరో పద్ధతి. రెండో పద్ధతిలో చొక్వే పెద్దమనిషి ఆ పిల్లవాడికి గురువు స్థానంలో కూర్చుంటాడు. చట్టం కోరుకున్నది సరిగ్గా ఈ స్థానాన్నే.

గింజలు పంచుకుంటూ పోయే మంకాల ఆటను కూడా బ్రెజిల్ లెక్కల తరగతుల్లో ఇందుకోసమే వాడుతున్నారు. మనం చింతగింజలతో ఆడిన వామన గుంటలు ఆ కుటుంబంలోని ఆటే.

ఇదంతా శిక్షణ లేకుండా సాధ్యం కాదని మీరే ఒప్పుకుంటారు. శిక్షణ లేని పంతులు ఇసుకలో బొమ్మ గీయించి, రంగులు వేయించి, గోడకు అంటించి ఊరుకుంటాడు. అందులో గసాభా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: బ్రెజిల్ బడుల్లో నవంబర్ 20న ఉత్సవం చేస్తారని చదివాను. బానిసత్వం రద్దయిన రోజు మే 13 కదా, ఆ తేదీని ఎందుకు ఎంచుకోలేదు?
— బి.ఎడ్. విద్యార్థి, వరంగల్

జవాబు: 1888 మే 13 యువరాణి ఇసబెల్ చట్టంమీద సంతకం చేసిన రోజు, అంటే స్వేచ్ఛ పైనుంచి దయతో దిగివచ్చినట్టు చెప్పే రోజు. 1695 నవంబర్ 20 పాల్మారిస్ నాయకుడు జుంబీని చంపిన రోజు. పారిపోయిన బానిసలు కొండల్లో కట్టుకుని దాదాపు శతాబ్దం పాటు నిలుపుకున్న స్వతంత్ర ఆవాసాల సమూహమే పాల్మారిస్. 1971లో పోర్తో అలెగ్రీలో కవి ఒలివేరా సిల్వేరా, ఆయన మిత్రులు కలిసి ఈ తేదీని ముందుకు తెచ్చారు. 2003 చట్టం దాన్ని బడి క్యాలెండరులో చేర్చింది. 2024 నుంచి అది దేశమంతటా సెలవు దినం. అయితే శిక్షణ అందని బడుల్లో చట్టం అమలు అంటే నవంబర్ 20న ఒక నాట్యం, ఒక వంటకం, గోడమీద జుంబీ బొమ్మగానే మిగిలిపోతుంది. ఆ రోజు వేడుక నిర్వహించి, మిగిలిన ఏడాదంతా పాత పుస్తకమే చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేను తప్పుపట్టలేను. ఆయన చేతికి ఇచ్చింది అదొక్కటే.

ప్రశ్న: మేము ఉద్యోగరీత్యా సావో పాలోలో ఉంటున్నాం. మా బాబు బడిలో ఒరిషాల కథలు చెప్పారని వచ్చి చెప్పాడు. తరగతిలో ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు ఇది మత బోధన అని గొడవ పడ్డారట, టీచరు ఆ పాఠం ఆపేసిందట. ఎవరిది న్యాయం?
— ఒక తల్లి, సావో పాలో

జవాబు: అమ్మా, మీ బాబు టీచరుకు ఎదురైన ఇబ్బంది అక్కడ ఎందరో ఉపాధ్యాయులకు ఎదురవుతున్నదే. యొరుబా జాతివారితో సముద్రం దాటివచ్చి, బ్రెజిల్‌లో కందొంబ్లే అనే మతంగా నిలిచిన సంప్రదాయంలోని దేవతలే ఒరిషాలు. ఆ దేవతల ప్రస్తావన లేకుండా బాయియా ప్రాంతపు సంగీతం గాని, వంట గాని, మాట గాని చెప్పలేరు. గ్రీకు దేవతల కథలు చెప్పినప్పుడు ఎవరూ మత బోధన అనరు. ఒరిషాల దగ్గరికి వచ్చేసరికే ఆ అభ్యంతరం పుడుతుంది. ఎందుకంటే కందొంబ్లే చాలా కాలం పోలీసుల దాడులకు గురైన మతం, దాని మీద అనుమానం ఇంకా చావలేదు.

పూజ నేర్పడం వేరు, పూజించేవారి గురించి నేర్పడం వేరు. ఈ తేడాను తల్లిదండ్రులకు తడబడకుండా, నొప్పించకుండా చెప్పగల ఉపాధ్యాయులు ఆ పాఠాన్ని ఆపరు. చెప్పలేనివారు మొదటి ఫిర్యాదుకే ఆపేస్తారు, ఎందుకంటే తమకే గట్టి నమ్మకం లేదు. పైగా కొందరు ఉపాధ్యాయులకు స్వయంగా తమ మతవిశ్వాసం అడ్డువస్తుంది. అందుకే మంచి శిక్షణ కోర్సుల్లో కందొంబ్లే ఆలయాలకు, వాటిని అక్కడ తెరేరో అంటారు, ఉపాధ్యాయులను తీసుకువెళ్లి పెద్దలతో మాట్లాడిస్తారు. మీకు వీలైతే, ఆ టీచరును కలిసి, మా అబ్బాయికి ఆ కథ నచ్చింది, మిగతాది కూడా చెప్పండి అనండి. ఫిర్యాదు చేసేవారి గొంతు ఒక్కటే ఆమెకు వినబడుతున్నట్టుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లు దాటింది కదా, ఫలితం ఏమిటి? అంకెలు ఉంటే చెప్పండి.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జెలెడెస్ నల్లజాతి మహిళా సంస్థ, అలానా సంస్థ కలిసి చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. జవాబులిచ్చిన 1,187 పురపాలక విద్యాశాఖల్లో 29 శాతం మాత్రమే చట్టం అమలుకు నిలకడగా పనిచేస్తున్నాయి. 53 శాతం అప్పుడప్పుడు ఏదో ఒకటి చేస్తున్నాయి. 18 శాతం ఏమీ చేయడం లేదు. 2022 జనగణన ప్రకారం తమను నల్లవారిగానో మిశ్రవర్ణులుగానో నమోదు చేయించుకున్నవారు జనాభాలో 55 శాతం దాటిన దేశమిది. అమెరికా ఖండాలకు బానిసలుగా తరలించిన ఆఫ్రికన్లలో అన్ని దేశాలకన్నా ఎక్కువమంది, దాదాపు 48 లక్షల మంది, దిగింది అక్కడే. అలాంటి దేశంలో ఈ చరిత్ర చెప్పడం ఒక విద్యాధికారి ఇష్టాయిష్టాలమీద ఆధారపడటం నాకు బాధ కలిగిస్తుంది. 2024 మే నెలలో మంత్రిత్వ శాఖ ఈ విషయంలో కొత్త జాతీయ విధానం ప్రకటించి, ఉపాధ్యాయ శిక్షణను అందులో ప్రధానాంశం చేసింది.

కానీ అంకెలు మాత్రమే చూడకండి. సాల్వడోర్‌లో 1974లో కార్నివాల్ ఊరేగింపు బృందంగా పుట్టిన ఇలే ఐయే, ‘తల్లి హిల్దా’ అని పిలుచుకునే కందొంబ్లే పూజారిణి 1988లో తన తెరేరోలో ప్రారంభించిన చిన్న బడికి అండగా నిలిచింది. 1995 నుంచి చుట్టుపక్కల ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, ఆఫ్రికా దేశాల మీద బోధన పుస్తకాలు అచ్చువేసింది. అప్పటికి చట్టం రావడానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. డప్పులు వాయించే బృందం పంతుళ్లకు పంతులు అయింది. చట్టంలోంచి తొలగించిన నిబంధన భాగస్వామ్యం ఇవ్వమన్నది ఇలాంటివారికే.

ప్రశ్న: హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేరు ఆఫ్రికా నుంచి వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా? మన ఉపాధ్యాయులకు కూడా ఇలాంటి శిక్షణ అవసరమా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజం. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్విక దళం, ఇంగ్లీషులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, పొట్టిగా ఏసీ గార్డ్స్, ఉండేది. ఆ దళం నివసించిన ప్రాంతానికే ఆ పేరు మిగిలింది. సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికన్ల వారసులు ఇప్పటికీ నగరంలో ఉన్నారు, పెళ్లి ఊరేగింపుల్లో మీరు విన్న మర్ఫా వాద్యంలో వారి చేయి ఉంది. దక్కన్ చరిత్రలో ఇంకా వెనక్కి వెళితే, ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొఘలులను ఏళ్ల తరబడి నిలువరించి 1626లో కన్నుమూసిన మాలిక్ అంబర్ ఎదురవుతాడు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడి బానిస సేనాపతి కాగలిగాడు, అట్లాంటిక్ అవతల చెరకు తోటల్లో బానిస బిడ్డ కూడా బానిసగానే పుట్టాడు. రెండింటినీ ఒకే గాటన కట్టి చెబితే రెంటికీ అన్యాయమే.

శిక్షణ అవసరమా అంటే, అవసరమే. ఏసీ గార్డ్స్ బస్సు దిగి బడికి వచ్చే పిల్లలకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పగల ఉపాధ్యాయులు ఎందరున్నారో మీరే విచారించి చూడండి. అక్కడి సిద్దీ కుటుంబాల పెద్దలను ఒక కాంప్లెక్స్ సమావేశానికి పిలిచి, ఒక పూట వారి మాట వింటే, అదే మంచి ఆరంభం.

ప్రశ్న: నాకు నేనుగా చదువుకుని నా తరగతిలో చెప్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?
— తెలుగు పండితులు, అనంతపురం

జవాబు: యునెస్కో 1964లో మొదలుపెట్టి, అధికభాగం ఆఫ్రికా పండితుల చేతనే రాయించిన ఎనిమిది సంపుటాల ఆఫ్రికా సామాన్య చరిత్ర ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. బ్రెజిల్ 2010లో ఆ ఎనిమిదింటినీ పోర్చుగీసులో విడుదల చేసింది. తీరిక లేని ఉపాధ్యాయుల కోసం 2013లో వాటిని రెండు సంపుటాలుగా సంక్షిప్తం చేసింది కూడా. ఎనిమిదీ చూసి భయపడకండి. డి. టి. నియానె సంపాదకత్వం వహించిన నాలుగో సంపుటి తీయండి. పన్నెండు నుంచి పదహారో శతాబ్దం దాకా అందులో ఉంటుంది. మాలి సామ్రాజ్యం అధ్యాయం మొదట చదవండి. అక్కడి గ్రియోలు వంశచరిత్రలనూ రాజుల కథలనూ తరతరాలుగా నోటితో, వాద్యంతో కాపాడుకున్నవారు. పలనాటి వీరచరిత్ర పాడే వీరవిద్యావంతులను ఎరిగిన మీకు ఆ మనిషి కొత్తవాడు అనిపించడు. తరువాత తూర్పు తీరపు స్వాహిలీ రేవుల అధ్యాయం చూడండి. అక్కడ భారతదేశపు నూలుబట్టలూ, పూసలూ దిగుతూ కనబడతాయి. మీ తరగతిలో మొదటి గంటకు ఈ రెండూ చాలు.